ఫైలు ఎవరి మాట వినాలి?



మీ దగ్గర కంప్యూటరుంటే ఈ ప్రసంగం అయ్యాక ఒక చిన్న పని చేసి చూడండి. ఎక్సెల్ తెరిచి, ఖాళీ గడిలో 5, అడ్డగీత, 12 అని కొట్టండి. మన ఊళ్లలో ఇది మామూలు డోరు నంబరు. ఎంటర్ నొక్కగానే ఆ ఇల్లు కాస్తా డిసెంబరు 5వ తేదీ అయి కూర్చుంటుంది. మీ కంప్యూటరు అమెరికా పద్ధతిలో తేదీలు రాసేదైతే మే 12 అవుతుంది. పక్క గడిలో విజయవాడ ఎస్టీడీ కోడు కొట్టండి, 0866 అని. ముందున్న సున్నా ఎగిరిపోయి 866 మిగులుతుంది. ఆధార్ నంబరు కొడితే పన్నెండంకెలూ ముడుచుకుని, మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం దూరి, గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. అది నయం, గడి లక్షణం మారిస్తే మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. బ్యాంకు కార్డు మీదుండే 16 అంకెల నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఇక వెనక్కి రాదు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే గుర్తుపెట్టుకుంటుంది.

ఇదంతా ఆ ప్రోగ్రాం రాసినవాళ్ల తెలివితక్కువతనం అనుకోకండి. పద్దులు రాసుకునేవాళ్లకు సాయంగా ఉంటుందని పెట్టిన సౌకర్యమే. అంకెలా కనబడింది అంకె, తేదీలా కనబడింది తేదీ అని యంత్రమే ఊహించుకుంటే టైపు చేసేవాళ్లకు శ్రమ తగ్గుతుంది. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. కానప్పుడు మాత్రం చెప్పాపెట్టకుండా మార్చేస్తుంది. అదీ గొడవ.

ఈ గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, మనిషి ఒంట్లో ఉండే జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. సెప్టిన్ అనే ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులకు శాస్త్రజ్ఞులు సెప్ట్1, సెప్ట్2 అని పొట్టి పేర్లు పెట్టుకున్నారు. ఎక్సెల్‌కు అవి సెప్టెంబరు 1, సెప్టెంబరు 2 గా కనిపించాయి. మార్చ్1 అనే జన్యువు మార్చి నెల ఒకటో తేదీ అయింది. 2004లోనే కొందరు పరిశోధకులు దీన్ని గుర్తించి హెచ్చరిస్తూ వ్యాసం ప్రచురించారు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొన్ని వేల పరిశోధన పత్రాలకు జతచేసిన ఎక్సెల్ ఫైళ్లను వెతికి చూస్తే, జన్యువుల జాబితాలున్న పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఈ తేదీల తప్పు దొరికింది. చివరికి 2020లో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చింది. సెప్ట్1ని సెప్టిన్1 అనీ, మార్చ్1ని మార్చ్‌ఎఫ్1 అనీ మార్చేసింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2023లో, ఇలా దానంతటది మార్చే అలవాటును ఆపుకునే వీలు ఎక్సెల్‌లో వచ్చింది. వరస గమనించారా? ముందు జన్యువులు పేరు మార్చుకున్నాయి, తర్వాత సాఫ్ట్‌వేరు అలవాటు మార్చుకుంది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీనికి ఎదురుదిక్కున నిలబడే పనిముట్ల గురించి. ఫైల్లో ఉన్న సమాచారాన్ని ఎలా చదవాలి, ఎక్కడ విడగొట్టాలి, ఏది ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది వాడుకునే మనిషే చెప్పుకోగలిగే పనిముట్లు అవి. చెప్పింది చేస్తాయి, చెప్పనిది చేయవు. ఫైలు సంగతి ఎవరికి తెలుసో, ఫైలు మీద వాళ్ల మాటే చెల్లాలన్నది నా వాదన. ప్రోగ్రామర్లకు సంబంధించిన విషయం కదా, మనకెందుకు అనుకోకండి. పంచాయతీ ఆఫీసులో ఇంటిపన్ను జాబితా పెట్టుకున్న గుమస్తాకూ, బడిలో మార్కుల పట్టిక వేసే పంతులమ్మకూ ఇది ప్రోగ్రామర్లకంటే ఎక్కువే అవసరం.

ఈ ఆలోచన కంప్యూటర్లకంటే పాతది. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ అనే ఇంజనీరు చిల్లుల కార్డుల యంత్రాన్ని వాడాడు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, ఒక్కో సంగతికి ఒక్కో చిల్లు. తర్వాతి కాలంలో ఆ యంత్రాలకు ప్లగ్‌బోర్డులు వచ్చాయి. పాత సినిమాల్లో టెలిఫోను ఆపరేటరు తీగ తీసి ఈ రంధ్రంలోంచి ఆ రంధ్రంలోకి పెట్టడం చూశారు కదా, దాదాపు అలాంటి బోర్డే. కార్డులో పదో నిలువు వరస నుంచి పదిహేనో వరస దాకా ఉన్నది జీతమనీ, దాన్ని ఫలానా మొత్తంలో కలపాలనీ, ఇరవయ్యో వరసలో ఉన్నది శాఖ నంబరనీ, అది మారినప్పుడు మొత్తం అచ్చువేయాలనీ గుమస్తా తీగలతో చెప్పేవాడు. యంత్రం ఒక్కటే, తీగలు మారిస్తే పని మారేది. హోలరిత్ పెట్టిన కంపెనీ ఇంకొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అన్న పేరు పెట్టుకుంది. 1928లో ఐబీఎం తెచ్చిన కార్డులో 80 నిలువు వరసలు ఉండేవి. తర్వాత చాలా ఏళ్ల దాకా కంప్యూటరు తెర మీద అడ్డంగా 80 అక్షరాలే పట్టడానికి మూలం ఆ అట్టముక్కే.

1959లో ఐబీఎం 1401 కంప్యూటరు వచ్చాక, ప్లగ్‌బోర్డులకు అలవాటుపడిన వాళ్ల చేతులు ఖాళీ కాకూడదని ఆర్పీజీ అనే భాషను తయారుచేశారు. ఒక రికార్డు చదువు, లెక్క కట్టు, అచ్చువెయ్యి, తర్వాతి రికార్డుకు వెళ్లు అనే చక్రం అందులో ముందే అమర్చి ఉంటుంది. ఆ చక్రం మధ్యలో ఏం చేయాలో చెప్పడమే మనిషి పని.

ఇక్కడి నుంచి న్యూజెర్సీలోని ముర్రే హిల్‌కు రావాలి. టెలిఫోను కంపెనీ ఏటీ అండ్ టీ వారి బెల్ ల్యాబ్స్ అక్కడ ఉండేది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పుట్టిల్లు అదే. 1970ల మొదట్లో లీ మెక్‌మాన్ అనే పరిశోధకుడికి ఒక సాహిత్య సమస్య వచ్చింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 88ల్లో ముగ్గురు మారుపేరుతో రాసిన 85 వ్యాసాలున్నాయి, ఫెడరలిస్టు పేపర్స్ అంటారు. వాటిలో కొన్ని ఎవరు రాశారో తేలలేదు. మాటల వాడకాన్ని బట్టి రచయితను పట్టుకోవచ్చా అని ఆయన చూడబోతే, ఆ వ్యాసాలన్నీ కలిసి అప్పటి ఎడిటరు ప్రోగ్రాంలో పట్టలేదు. సహోద్యోగి కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో దారి చూపించాడని, అక్కడే పనిచేసిన బ్రయాన్ కెర్నిహన్ చెబుతుంటాడు. ఎడిటర్లో ఉన్న వెతికే పనిని విడిగా తీసి, ఫైలంతా ఒకేసారి జ్ఞాపకంలో పెట్టుకోకుండా లైను తర్వాత లైను చదివే చిన్న ప్రోగ్రాంగా మార్చాడు. అదే గ్రెప్. తర్వాత మెక్‌మాన్ స్వయంగా సెడ్ అనేదాన్ని రాశాడు. గ్రెప్ వెతుకుతుంది, సెడ్ వెతికి మారుస్తుంది.

రెండూ మంచి పనిమంతులే కానీ, రెంటికీ లెక్కలు రావు. ఆ లోటు తీర్చడానికి 1977లో ఆక్ వచ్చింది. ఇంగ్లీషులో ఏ, డబ్ల్యూ, కె. ఆల్‌ఫ్రెడ్ అహో, పీటర్ వైన్‌బర్గర్, బ్రయాన్ కెర్నిహన్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. మన దగ్గర కంప్యూటర్ సైన్సు బీటెక్ చదివినవాళ్లకు అహో పేరు తెలియకుండా ఉండదు. కంపైలర్ల మీద డ్రాగన్ బొమ్మ అట్టతో వచ్చే లావుపాటి పుస్తకం రచయితల్లో ఆయనొకరు. వైన్‌బర్గర్ సంగతి ఇంకోటి. ఆయన ముఖం బొమ్మను తోటి ఉద్యోగులు కంపెనీ నీళ్ల ట్యాంకు మీదే చిత్రించిపెట్టారు. గొప్ప బుర్రలున్న చోట అల్లరి కూడా ఎక్కువే ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆక్ ఎందుకు పుట్టిందని అడిగితే అహో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన కారణాలు వింటే నవ్వొస్తుంది. ఆయన బడ్జెట్టు లెక్కలు చూసుకోవాలి. సంపాదకత్వం పనిలో వచ్చే ఉత్తరాల జాబితా పెట్టుకోవాలి. దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు కాబట్టి పిల్లల మార్కులు చూసుకోవాలి. చంద్రమండలానికి రాకెట్టు పంపే లెక్కలేమీ లేవు. ఒకటి రెండు లైన్లలో ఇలాంటి పనులు చెప్పుకోగలిగే చిన్న భాష ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. పక్క గదిలో కెర్నిహన్‌కూ అలాగే అనిపించింది. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ బహుమతిని 2020 సంవత్సరానికి పంచుకున్న మనిషి, గుమస్తా పనుల కోసం భాషను కట్టుకున్నాడన్నమాట. ఆ భాష ఇన్నాళ్లు బతకడానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

రేడియోలో ప్రోగ్రాం రాసి చూపించలేను. ఆక్ దగ్గర ఉన్న సుఖం ఏమిటంటే, చదివి వినిపించవచ్చు. ఒక పల్లెటూరి పాల కేంద్రాన్ని ఊహించుకోండి. పూటకోసారి పాలు పోస్తారు, యంత్రం వెన్న శాతం చూస్తుంది, ఒక ఫైల్లో లైను చేరుతుంది. లైనుకు నాలుగు గడులు. మొదటిది సభ్యుడి నంబరు, రెండోది పూట, మూడోది లీటర్లు, నాలుగోది వెన్న శాతం. నెల తిరిగేసరికి వేల లైన్లు.

వెన్న 3 శాతం కంటే తక్కువ వచ్చిన పాలు ఎవరివో చూడాలి. ఆక్‌కు చెప్పాల్సింది ఇంతే: డాలరు నాలుగు, 'తక్కువ' గుర్తు, మూడు. ప్రోగ్రాం అయిపోయింది. మొత్తం అదే. డాలరు నాలుగంటే నాలుగో గడి. ఫైలు తెరవమనీ, లైను చదవమనీ, గడులుగా కోయమనీ, ఫైలు చివర ఆగమనీ మనం చెప్పక్కర్లేదు. అవన్నీ ఆక్ తనంతట తానే చేసుకుంటుంది, ఎందుకంటే ఏ ఫైలుకైనా అవి తప్పవు. మనిషి చెప్పాల్సింది ఆ ఫైలుకే ప్రత్యేకమైన మాట.

ఆక్‌లో ప్రతి నియమానికీ రెండు భాగాలు. ఒకటి నమూనా, రెండోది పని. ఇలాంటి లైను కనిపిస్తే ఇలా చెయ్యి. నమూనా లేకపోతే ప్రతి లైనుకూ ఆ పని చేస్తుంది. పని చెప్పకపోతే నమూనాకు సరిపోయిన లైను అచ్చువేసి ఊరుకుంటుంది. ఇందాకటి ప్రోగ్రాం అంత పొట్టిగా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక్కో సభ్యుడూ నెలలో పోసిన పాలెన్నో కూడాలి. 'పాలు' అనే పేరుతో ఒక పట్టీ పెట్టుకుని, అందులో సభ్యుడి నంబరు దగ్గర మూడో గడిని కలుపుతూ పో అంటాం. పట్టీ ఎంత పొడుగో ముందే చెప్పాల్సిన పని లేదు. కొత్త నంబరు కనిపిస్తే దాని కోసం చోటు అదే పుట్టుకొస్తుంది, సున్నాతో మొదలవుతుంది. నంబరుకు బదులు పేరున్నా సరే, ఊరున్నా సరే. చివర్లో, లైన్లన్నీ అయ్యాక, పట్టీలో ఉన్నవన్నీ అచ్చువెయ్యి అని ఇంకో నియమం. రెండు లైన్లు. ఈ పని చేసే ప్రోగ్రాం ఆ రోజుల్లో సి భాషలో రాయాలంటే పేజీ దాటేది.

రాసినవాళ్లు కూడా ఆక్ ప్రోగ్రాములు ఒకటి రెండు లైన్లే ఉంటాయనుకున్నారు. జనం వేల లైన్లు రాసిపడేశారు. వాళ్ల కోసం 1985లో భాషను పెంచాల్సి వచ్చింది, 1988లో పుస్తకం రాయాల్సి వచ్చింది. దీని స్ఫూర్తితో 1987లో లారీ వాల్ పెర్ల్ అనే భాషను చేశాడు. ఇవాళ మన పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో పైథాన్‌తో చేసే డేటా పనిలో చాలా భాగం ఇదే వంశం.

ఇప్పుడు ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2020 అక్టోబరు మొదట్లో అక్కడి ప్రజారోగ్య సంస్థ ఒక విషయం బయటపెట్టింది. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా కోవిడ్ సోకినట్టు తేలిన 15,841 మంది రోజువారీ లెక్కలో చేరలేదు. వాళ్ల ఫలితం వాళ్లకు అందింది. వాళ్లను కలిసినవాళ్లను వెతికే బృందాలకు మాత్రం కబురు ఆలస్యంగా చేరింది. కారణం, ల్యాబుల నుంచి వచ్చిన ఫైళ్లను పాత పద్ధతి ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తున్నారు. ఆ పాత పద్ధతిలో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. ఒక్కో రోగికి ఒకటికంటే ఎక్కువ వరసలు కావాలి కాబట్టి అది మరీ త్వరగా నిండింది. నిండాక మిగిలిన వరసలు రాలిపోయాయి. కొత్త పద్ధతి ఎక్సెల్ ఫైల్లో పది లక్షల పైచిలుకు వరసలు పడతాయి, అది వచ్చి అప్పటికే పదమూడేళ్లు.

చాలామంది ఇక్కడ ఎక్సెల్‌ను తిడతారు. నాకు అది సరైన తిట్టు కాదనిపిస్తుంది. లైను తర్వాత లైను చదివే పనిముట్టుకు షీటు అనేదే లేదు, నిండటం అనేదీ లేదు. అది నిజమే. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. వచ్చిన లైన్లెన్ని, వెళ్లిన లైన్లెన్ని, రెండూ సమానమేనా అని అడిగే నియమం ఒక్కటి మధ్యలో రాసి ఉంటే, రాలిపోయిన మొదటి రోజే పట్టుబడేది. ఆక్‌లో ఎన్ని లైన్లు చదివానన్నది ఎన్ఆర్ అనే రెండక్షరాల పేరు మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఫైలు అయ్యాక దాన్ని అచ్చువెయ్యి అంటే చాలు.

ఆక్‌ను పొగడటమే పనిగా పెట్టుకున్నానని అనుకుంటున్నారేమో. దానికీ తెలియని సంగతులున్నాయి. చాలాకాలం దానికి కామా సంగతి సరిగ్గా తెలియదు. గడుల మధ్య కామా ఉండే ఫైళ్లను సీఎస్వీ అంటాం. గడిలోపలే కామా వస్తే ఆ గడిని కొటేషన్ గుర్తుల్లో పెట్టడం ఆనవాయితీ. మన చిరునామాల్లో కామా లేనిదెక్కడ? "డోరు నంబరు 5-12, రామాలయం వీధి" అన్నది ఒకే గడి. పాత ఆక్ దాన్ని రెండు గడులుగా కోసేది, ఆ తర్వాత గడులన్నీ ఒకటి చొప్పున పక్కకు జరిగిపోయేవి. పిన్‌కోడు ఉండాల్సిన చోట జిల్లా పేరు, ఫోను నంబరు ఉండాల్సిన చోట పిన్‌కోడు.

ఇంకో తెలియని సంగతి తెలుగు. ఆక్ పుట్టినప్పుడు అక్షరమంటే ఒక బైటు. తెలుగు అన్న మాటను తీసుకోండి. మనకు మూడక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతికి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. ఫైల్లో రాసినప్పుడు ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 18. ఈ మాట పొడుగెంత అని పాత ఆక్‌ను అడిగితే 18 అనేది. ఉచిత సాఫ్ట్‌వేరు తయారుచేసే గ్నూ వాళ్ల ఆక్ ఆరని చెప్పడం చాలా ముందే నేర్చుకుంది కానీ, బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన అసలు ఆక్ నేర్చుకోలేదు. 2022లో దానికి యూనికోడ్ నేర్పింది ఎవరనుకున్నారు? కెర్నిహనే. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. 45 ఏళ్ల కిందట తను రాసిన ప్రోగ్రాంను మళ్లీ విప్పి, తన భాష కాని భాషల కోసం సరిచేశాడు. ఆ మరుసటి ఏడు పుస్తకం రెండో కూర్పు వచ్చింది. సీఎస్వీలో కామాల గొడవ కూడా ఆ విడతలోనే తీరింది.

అయినా, తెలుగు మాట పొడుగు మూడని చెప్పే బాధ్యత ఇంకా మనదే. గుణింతపు గుర్తులనూ ఒత్తులనూ ముందు అక్షరంతో కలిపి లెక్కపెట్టు అని నియమం రాసుకోవాలి. తెలుగు అక్షరాలూ గుర్తులూ యూనికోడ్‌లో ఒకేచోట వరసగా ఉన్నాయి కాబట్టి అది పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా పాత ఫాంట్లతో. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి టైపు చేసిన పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు యూనికోడ్‌లో లేవు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్లవి. ఫాంటు తీసేస్తే తెర మీద మిగిలేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఒక తలకట్టు ఇక్కడ, ఒక ఒత్తు అక్కడ, విడివిడి ముక్కలు. వెబ్‌సైట్లు మొదలైన కొత్తలో ఒక్కో తెలుగు పత్రికదీ ఒక్కో సొంత ఫాంటు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. అప్పట్లో పద్మ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వచ్చింది, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకుంటే ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అలాంటి మార్పిడి ప్రోగ్రాముల లోపల ఉండేది ప్రతి ఫాంటుకూ ఒక పెద్ద పట్టిక. ఈ ముక్క కనిపిస్తే ఈ అక్షరం రాయి, ఈ రెండు ముక్కలు పక్కపక్కన వస్తే వరస తిప్పి రాయి. సెడ్ చేసే పనే అది. ఆ పట్టిక రాయాలంటే తెలుగు చదవడం వచ్చుండాలి, ఆ ఫాంటు కూర్చినవాడి కిటుకులూ తెలిసుండాలి. ఏ సాఫ్ట్‌వేరు కంపెనీకి ఆ పని పట్టింది? తెలుగువాళ్లే తీరిక చేసుకుని రాసుకున్నారు.

నల్ల తెర మీద డాలరు గుర్తులు కొట్టడం అందరికీ నచ్చదు. మౌసుతో పనిచేసుకునే వాళ్లకు ఓపెన్‌రిఫైన్ అనేదుంది. ఇది 2010లో మెటావెబ్ అనే కంపెనీలో గ్రిడ్‌వర్క్స్ పేరుతో పుట్టింది. ఆ ఏడే గూగుల్ ఆ కంపెనీని కొని గూగుల్ రిఫైన్ అని పేరు మార్చింది. 2012లో గూగుల్ చేయి తీసేస్తే, వాడుకునేవాళ్లే కలిసి ఓపెన్‌రిఫైన్ పేరుతో నడుపుకుంటున్నారు. ఉచితం. మీ కంప్యూటర్లోనే నడుస్తుంది, ఫైలు బయటికి పోదు.

ఓపెన్‌రిఫైన్‌లో నాకు బాగా నచ్చింది పేర్లను గుంపులు కట్టడం. ఇంగ్లీషులో రాసిన ఒక సభ్యుల జాబితా ఉందనుకోండి. ఒకచోట 'కె వెంకట రావు', ఇంకోచోట 'వెంకట రావు, కె.' అని ఉంటుంది. దీని పద్ధతి ఏమిటంటే, చుక్కలూ కామాలూ తీసేసి, అన్నీ చిన్నక్షరాలు చేసి, మాటలను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేరుస్తుంది. రెండూ ఒకటే అయ్యాయి. మనకు చూపించి, కలపమంటారా అని అడుగుతుంది. 'వెంకటేశ్వర రావు' అని విడదీసి రాసినదీ, కలిపి రాసినదీ పట్టుకోవాలంటే ఇంకో పద్ధతి ఉంది, అది ఖాళీలను కూడా తీసేసి చూస్తుంది. 'ఎస్' పక్కన ఒకచోట 'హెచ్' ఉండి ఇంకోచోట లేకపోతే, ఎన్ని అక్షరాలు మారిస్తే ఇది అదవుతుందో లెక్కపెట్టే పద్ధతి మరొకటి. ఏ పద్ధతి వాడాలో, ఎంత తేడాను క్షమించాలో చెప్పేది మనమే.

ఇక్కడే అసలు చిక్కు. మన ఊళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. కె. వెంకటరావు ఇద్దరున్నారు, ఒకే ఇంట్లో, ఒకే డోరు నంబరులో. ఒకరికి పింఛను వస్తుంది, ఇంకొకరు ఇంటర్ చదువుతున్నారు. ఏ యంత్రమైనా వీళ్లిద్దరినీ కలిపేయడానికే మొగ్గుతుంది, దాని తప్పు కూడా లేదు. పుట్టిన సంవత్సరం ఇరవై ఏళ్లు తేడా ఉంటే కలపొద్దు అన్న నియమం రాయాలంటే ఆ ఆచారం తెలిసిన మనిషి కావాలి. బోస్టన్‌లోనో బీజింగ్‌లోనో కూర్చుని సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా ఈ నియమం ముందే పెట్టి ఇవ్వలేరు. వాళ్లు ఇవ్వగలిగిందల్లా నియమం రాసుకోవడానికి చోటు. మంచి పనిముట్టును నేను గుర్తుపట్టేది ఆ చోటు ఉందా లేదా అన్నదాన్ని బట్టే.

ఓపెన్‌రిఫైన్ ఇంకో మేలు కూడా చేస్తుంది. మీరు చేసిన ప్రతి మార్పునూ వరసగా రాసిపెడుతుంది. ఆ వరసను విడిగా తీసుకుని వచ్చే నెల వచ్చే ఫైలు మీద మళ్లీ నడపొచ్చు, నచ్చని మెట్టు దగ్గరికి వెనక్కి పోవచ్చు. ఎక్సెల్‌లోనే ఇలాంటి సదుపాయం పవర్ క్వెరీ అనే పేరుతో ఉంది, 2016 ఎక్సెల్ నుంచి డేటా అనే మెనూలోనే కలిసి వస్తోంది. ఇందాక ఎక్సెల్‌ను కాస్త గట్టిగానే అన్నాను కాబట్టి ఇది చెప్పడం న్యాయం. అందులో ఫలానా నిలువు వరసను అంకెగా కాకుండా రాతగా చదువు అని చెప్పుకోవచ్చు. అప్పుడు 0866 అలాగే ఉంటుంది, డోరు నంబరు డోరు నంబరుగానే ఉంటుంది. షీటులో చేత్తో దిద్దితే ఎవరు ఏం దిద్దారో ఆర్నెల్ల తర్వాత దిద్దినవాళ్లకే గుర్తుండదు. నియమం రాసి దిద్దితే, ఆ మనిషి బదిలీ అయి వెళ్లిపోయినా, నియమం ఆఫీసులో ఉంటుంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు కూడా చదువుకోవచ్చు.

ఈమధ్య చాలామంది నన్ను అడిగే ప్రశ్న, ఇవన్నీ ఎందుకు, కృత్రిమ మేధకు ఫైలు ఇచ్చి శుభ్రం చేయమంటే చాలదా అని. అడగండి, తప్పులేదు. ఫైలు ఇచ్చి దిద్దిన ఫైలు తీసుకుంటే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. ఏది ఎందుకు మారిందో తెలియదు. దానికి ఫైలు ఇవ్వకుండా గడులు ఎలా ఉంటాయో చెప్పి, ఆక్‌లో నియమం రాసిమ్మని అడగండి. రెండు లైన్లు ఇస్తుంది. ఆ రెండు లైన్లు చదవగలిగేంత ఆక్ ఒక ఆదివారం కూర్చుంటే వస్తుంది. సభ్యుల ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు కూడా.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. మ్యాక్ కంప్యూటర్లలో, లినక్స్‌లో ఆక్ ముందే ఉంటుంది. విండోస్‌కు గ్నూ ఆక్ ఉచితంగా దొరుకుతుంది. అసలు ఫైలు ముట్టుకోకండి, నకలు మీద పనిచేయండి. మొదటి నియమంగా ఏదీ మార్చకండి, లైన్లు లెక్కపెట్టమనండి. రెండోదిగా, లైనుకు ఎన్ని గడులున్నాయో అడగండి. అన్ని లైన్లకూ ఒకే సంఖ్య రాకపోతే ఎక్కడో ఒక కామా చిరునామాలో దాక్కుందన్నమాట, దాన్ని వెతకండి. ఆ తర్వాతే మార్పుల జోలికి వెళ్లండి. ఇక లైన్ల లెక్క సరిగ్గా 65,536 అని వస్తే మాత్రం నియమాలన్నీ పక్కన పెట్టి, ఆ ఫైలు పంపినవాళ్లకు ముందు ఫోను చేయండి.